గల్ఫ్‌కు పనికి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు: ప్రభుత్వ నియమాలు, ఏజెంట్లు, నైపుణ్య శిక్షణ

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు నుంచి దుబాయ్, సౌదీ వెళ్లే మగవాళ్లను, కడప, రాయచోటి, కోనసీమ వైపు నుంచి కువైట్ వెళ్లే ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు, చదువు కోసం వెళ్లేవాళ్లకు ఇవి వర్తించవు.

వెళ్లాలని నిర్ణయించుకున్నాను. మొదట ఏం చేయాలి?

ఏజెంటుకు ఫోన్ చేయకండి. ముందు మీ పాస్‌పోర్టు తీసి చూసుకోండి. అందులో ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అని ఉంటే మీది ఈసీఆర్ పాస్‌పోర్టు. ఆ మాట ఎక్కడా లేకపోతే ఈసీఎన్ఆర్, అంటే ఎమిగ్రేషన్ చెక్ అక్కర్లేనిది. ప్రభుత్వం మీ విషయంలో ఎంతవరకు జోక్యం చేసుకుంటుందో చాలా వరకు ఈ ఒక్క ముద్రే తేలుస్తుంది. అక్కడికి వెళ్లాక ఎంబసీ అయినా, ఇన్సూరెన్సు కంపెనీ అయినా, ఇక్కడి కలెక్టర్ ఆఫీసు అయినా అడిగేది విమానం ఎక్కకముందు తయారైన కాగితాలే. అందుకే తొందర పెట్టేవాళ్ల మాట వినొద్దని చెప్పేది.

ఈసీఆర్ ఉంటే ఏం చేయాలి?

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, పది పాస్ కానివాళ్లు కొన్ని దేశాలకు పని మీద వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి తీసుకోవాలి. అలాంటి దేశాలు 18. సౌదీ, యూఏఈ, ఖతర్, కువైట్, ఒమాన్, బహ్రెయిన్ అందులో ఉన్నాయి. మలేషియా, ఇరాక్, జోర్డాన్, లెబనాన్, థాయ్‌లాండ్ కూడా ఆ జాబితాలోవే. ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. పని మాత్రం ఆన్‌లైన్‌లో, ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా జరుగుతుంది. అక్కడి కంపెనీ, ఇక్కడి ఏజెంటు, మీ కాంట్రాక్టు, మీ ఇన్సూరెన్సు అన్నీ అందులో నమోదవుతాయి. ప్రభుత్వ ఫీజు 200 రూపాయలు. "క్లియరెన్సుకు పదిహేను వేలు అవుతుంది" అని ఎవరైనా అంటే, మిగతా డబ్బు ఎటు పోతుందో మీరే ఊహించుకోవచ్చు.

నాకు పదో తరగతి ఉంది, ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు. అంటే నాకు టెన్షన్ లేనట్టే కదా?

చిక్కంతా ఇక్కడే. పది పాసైనవాడు తన మంచిచెడులు తాను చూసుకోగలడన్నది చట్టం ధీమా. కానీ ఈ రోజుల్లో మన ఊళ్లలో పది పాస్ కాని కుర్రాళ్లు ఎంతమంది? గల్ఫ్‌లో హెల్పర్‌గా, క్లీనర్‌గా, లోడింగ్ పనికి వెళ్తున్నవాళ్లలో చాలామంది పది పాసే, ఇంటర్ చదివినవాళ్లూ ఉన్నారు. పని అదే, క్యాంపు అదే, ఎండ అదే. కానీ ఈసీఆర్ వాడికి ఉన్న కాంట్రాక్టు తనిఖీ, తప్పనిసరి ఇన్సూరెన్సు వీళ్లకు లేవు. చదువుకున్నందుకు రక్షణ తగ్గిందన్నమాట.

2018 నవంబరులో ఈసీఎన్ఆర్ వాళ్లు కూడా ఆ 18 దేశాలకు పనికి వెళ్లేటప్పుడు ముందుగా నమోదు చేసుకోవాల్సిందేనని కేంద్రం ప్రకటించింది. విదేశాల్లో ఉన్నవాళ్లు సెలవుకు వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆపేస్తారేమోనని గగ్గోలు పెట్టడంతో దాన్ని పక్కన పెట్టారు. ఇప్పుడది ఎవరికి వారు ఇష్టపడి చేసుకునేది. చేసుకోండి. కంపెనీ పేరు, అక్కడి చిరునామా, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు ప్రభుత్వ రికార్డులో ఉంటే, ఏదైనా జరిగినప్పుడు మిమ్మల్ని వెతకడానికి ఒక మొదలంటూ ఉంటుంది.

ఏజెంటు అసలైనవాడో కాదో ఎలా తెలుసుకోవాలి? ఎంత ఇవ్వాలి?

లైసెన్సు ఉన్న ఏజెంటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఈ-మైగ్రేట్‌లో కనిపిస్తాయి. లైసెన్సు గడువు తీరిందా, సస్పెండ్ అయిందా అనేది కూడా అక్కడే చూడొచ్చు. పెద్ద ఏజెన్సీ లైసెన్సు పొందాలంటే ప్రభుత్వానికి 50 లక్షల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. కాబట్టి మీ ఊరి బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో కూర్చుని పాస్‌పోర్టులు పోగు చేసే మనిషి లైసెన్సుదారు అయ్యే అవకాశం దాదాపు లేదు. అతను సబ్ ఏజెంటు. చట్టంలో సబ్ ఏజెంటు అనే మనిషికి చోటే లేదు. కానీ ఊళ్లలో వ్యవహారం నడిపేది అతనే, ఎందుకంటే అతను మనకు బావో మామో అవుతాడు.

ఏజెంటు తీసుకోదగిన సర్వీస్ ఛార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. రసీదు ఇవ్వాలి. లక్ష, లక్షన్నర అడగడం మామూలైపోయింది, అదీ మిత్తికి తెచ్చి ఇస్తున్నాం. మొదటి ఏడాది జీతమంతా ఆ మిత్తికే పోతుందని తెలిసీ ఇస్తున్నాం. రసీదు ఇవ్వనంటే బ్యాంకు ద్వారానో ఫోన్‌పే, గూగుల్ పే ద్వారానో పంపండి. నగదు ఇవ్వడం అంటే రుజువును చేజేతులా వదులుకోవడమే.

విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంటున్నారు. ఆజాద్ వీసా కూడా ఉందంటున్నారు.

వెళ్లినవాళ్లు ఉన్నారు, మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. మార్చుకోలేక ఖల్లివెల్లి (కాగితాలు లేకుండా అక్రమంగా ఉండిపోయినవాళ్లు) అయినవాళ్లు ఎంతమందో ఎవరూ లెక్క చెప్పరు. విజిట్ వీసా మీద పని చేస్తూ దొరికితే అది అక్కడి చట్టం ప్రకారం నేరం. జీతం ఇవ్వకపోయినా కార్మిక శాఖలో కేసు వేయడానికి మీ చేతిలో కాంట్రాక్టు ఉండదు.

ఆజాద్ వీసా అని ఏ దేశంలోనూ లేదు. ఎవరో కఫీల్ (వీసా ఇచ్చే అక్కడి యజమాని) పేరు మీద వీసా తీసి, ఏటా అతనికి కొంత ముట్టజెప్పి బయట దొరికిన పని చేసుకోవడానికి పెట్టుకున్న పేరది. కఫీల్ మనసు మారితే పారిపోయాడని కేసు పెడతాడు. ఆ రోజు నుంచి మీరు అక్రమంగా ఉన్నట్టే.

ఆఫర్ లెటర్‌లో ముందుగా ఏం చూడాలి?

బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల జీతం. అందరూ టోటల్ చూసి సంతకం పెడతారు. ఉదాహరణకు యూఏఈకి రెండు ఆఫర్లు వచ్చాయనుకుందాం. రెండింటిలోనూ నెలకు 1,200 దిర్హాములే. ఒకదాంట్లో బేసిక్ 1,200. రెండోదాంట్లో బేసిక్ 600, మిగతా 600 అలవెన్సులు. నెలనెలా చేతికి వచ్చేది ఒకటే కాబట్టి తేడా తెలియదు. కానీ ఓవర్‌టైమ్ లెక్క బేసిక్ మీద కడతారు, కాబట్టి మొదటి నెల నుంచే కోత మొదలవుతుంది. ఇక వచ్చేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ: మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. ఐదేళ్లు చేస్తే 105 రోజులు. మొదటి ఆఫర్‌కు రోజుకు 40 చొప్పున 4,200 దిర్హాములు, రెండోదానికి రోజుకు 20 చొప్పున 2,100. సగానికి సగం పోయింది, అదీ మీ సంతకంతోనే.

తర్వాత చూడాల్సింది పని పేరు. ఇక్కడ ఎలక్ట్రీషియన్ అని చెప్పి, వీసాలో లేబర్ అని రాస్తే అక్కడ మీరు లేబరే. భోజనం కంపెనీదా మీదా, తిరుగు టికెట్ ఎవరిది, సెలవు ఎన్నాళ్లకు, వసతి ఎక్కడ అనేవి కూడా కాగితం మీద ఉండాలి. వసతి మాట చిన్నదిగా తీసిపారేయకండి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనం తగలబడి 45 మందికి పైగా భారతీయులు చనిపోయారు, వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు.

కనీస జీతం విషయానికొస్తే, ఈసీఆర్ దేశాలకు పంపేటప్పుడు ఒక్కో పనికి ఇంత తగ్గకూడదని మన కేంద్రం కూడా రేట్లు పెట్టింది. 2020 సెప్టెంబరులో, కరోనా సాకుతో, గల్ఫ్ దేశాలకు ఆ రేట్లను తగ్గించేసింది. గొడవ జరిగి, కోర్టు దాకా వెళ్లాక 2021 జూలైలో పాత రేట్లు తిరిగి వచ్చాయి. ఖతర్ 2021 మార్చి నుంచి తానే కనీస వేతనం పెట్టింది: బేసిక్ 1,000 రియాళ్లు, కంపెనీ తిండి పెట్టకపోతే 300, గది ఇవ్వకపోతే 500 అదనం.

హెల్పర్‌గా వెళ్లడం మేలా, ఏదైనా పని నేర్చుకుని వెళ్లడం మేలా?

నేర్చుకునే వెళ్లండి. ఇందులో రెండో మాట లేదు. అక్కడికి వెళ్లాక నేర్చుకుంటాలే అనుకునేవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. హెల్పర్ వీసా మీద ఉన్నవాడు మేస్త్రీ పని నేర్చుకున్నా, వీసాలో పేరు మారేదాకా జీతం హెల్పర్‌దే. పేరు మార్చడం కంపెనీ చేతిలో ఉంటుంది. తక్కువ జీతానికి పని తెలిసినవాడు దొరుకుతుంటే వాళ్లకు తొందరేముంటుంది?

ఏ పని అంటే, నిర్మాణ రంగంలో సెంట్రింగ్, రాడ్ బెండింగ్, టైల్స్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్, వెల్డింగ్, ఏసీ మెకానిక్. ఇక్కడ సెంట్రింగ్ అనే పనిని అక్కడ షట్టరింగ్ కార్పెంటర్ అంటారు, రాడ్ బెండింగ్ చేసేవాణ్ని స్టీల్ ఫిక్సర్ అంటారు. ఇంటర్వ్యూలో ఈ పేర్లు తెలియక తెల్లమొహం వేసే మంచి పనిమంతులు చాలామంది ఉంటారు. డ్రైవర్లకు ఒక మాట: అక్కడ బండి రోడ్డుకు కుడివైపు నడుస్తుంది, స్టీరింగ్ ఎడమవైపు. మన లైసెన్సు చూపిస్తే బండి ఇవ్వరు, అక్కడి లైసెన్సు తీసుకోవాలి. దాని ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి.

శిక్షణ ఎక్కడ దొరుకుతుంది?

తెలంగాణలో మొదట అడగాల్సిన చోటు టామ్‌కామ్, అంటే తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ. 2015లో కార్మిక శాఖ కింద పెట్టారు. ప్రభుత్వమే నడిపే రిక్రూటింగ్ ఏజెన్సీ ఇది. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటిదే ఓమ్‌క్యాప్. శిక్షణకు ఏపీ నైపుణ్యాభివృద్ధి సంస్థ ఉంది. నిర్మాణ పనులకు హైదరాబాద్ మాదాపూర్‌లోని న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) మంచి పేరున్న సంస్థ. జిల్లాల్లో ఐటీఐలు ఉండనే ఉన్నాయి. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి కొత్త యంత్రాలతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. ప్రభుత్వ ఏజెన్సీల ద్వారా వెళ్లేవాళ్లు మొత్తం వెళ్లేవాళ్లలో కొద్దిమందే. మంచి ఆఫర్లే వస్తాయి, కానీ తక్కువ వస్తాయి, ఎంపిక నెలల తరబడి సాగుతుంది. ప్రైవేటు ఏజెంటు "వచ్చే వారమే ఫ్లైట్" అంటాడు. అప్పులోళ్లు ఇంటి మీదికి వస్తున్నవాడికి నెలలు ఆగమని చెప్పడం తేలికే, ఆగడమే కష్టం. అందుకే ఇంట్లో ఇరుకు రాకముందే, పొలం పనులు లేని రోజుల్లోనే, పేరు నమోదు చేసుకుని ఉంచుకోమంటాను.

పదేళ్లుగా మేస్త్రీ పని చేస్తున్నాను, సర్టిఫికెట్ మాత్రం లేదు. మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలా?

అక్కర్లేదు. వచ్చిన పనికే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. కొద్ది రోజుల శిక్షణ, తర్వాత పరీక్ష. సౌదీకి వెళ్లేవాళ్లకు ఇంకో మెట్టు ఉంది. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఏసీ మెకానిక్ లాంటి పనులకు వీసా ఇవ్వకముందే తకామోల్ అనే సౌదీ సంస్థ తరఫున ఇక్కడే పరీక్ష రాయాలి. అందులో ప్రశ్నలూ ఉంటాయి, చేసి చూపించాల్సినదీ ఉంటుంది. మనవాళ్లు చేసి చూపించే దగ్గర తడబడరు, ప్రశ్నల దగ్గరే తప్పుతారు.

ట్రేడ్ టెస్టులో ఏం చూస్తారు?

టైల్స్ మేస్త్రీ సంగతే తీసుకోండి. నాలుగైదు టైల్స్ పరవమంటారు. పరిచాక పరీక్షించే మనిషి కిందికి వంగి నాణెంతోనో, సుత్తి కాడతోనో ప్రతి మూల తడతాడు. ఎక్కడైనా బోలు చప్పుడు వస్తే కింద సిమెంటు సరిగా పట్టలేదన్నమాట. తర్వాత రెండు టైల్స్ కలిసే చోట వేలు పెట్టి ఎత్తుపల్లాలు చూస్తాడు. స్పీడు కోసం తొందరపడేవాళ్లు ఇక్కడే పోతారు. స్టీల్ ఫిక్సర్‌కైతే ముందు డ్రాయింగ్ చేతికిచ్చి, ఎన్ని రాడ్లు, ఏ సైజు, ఎంత దూరంలో అని అడుగుతారు. ఊళ్లో ఇంజినీరు చెబితే కట్టేసే అలవాటు ఉన్నవాడికి ఆ కాగితం గుండె జారుస్తుంది. డ్రాయింగ్ చదవడం పదిహేను రోజులు కూర్చుని నేర్చుకుంటే వచ్చేదే, దాన్ని మాత్రం వదలకండి. హెల్మెట్, బూట్లు, బెల్టు వేసుకుని పని మొదలుపెట్టారా లేదా అనేది కూడా చూస్తారు.

ప్రయాణానికి ముందు ఒక రోజు ట్రైనింగ్ ఉంటుందట. వెళ్తే ఏం లాభం?

దాన్ని పీడీఓటీ అంటారు, విదేశాంగ శాఖ నడుపుతుంది, ఉచితం. ఆ దేశం చట్టాలు, ఏం చేస్తే జైలు, డబ్బు ఎలా పంపాలి, ఎవరికి ఫోన్ చేయాలి చెబుతారు. ఒక్క రోజులో అన్నీ తలకెక్కవు గానీ, ఒక్కటి గుర్తున్నా లాభమే. ఉదాహరణకు మన దగ్గర మెడికల్ షాపులో మామూలుగా దొరికే కొన్ని నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు అక్కడ మత్తు పదార్థాల కింద లెక్క. పక్కింటివాళ్లు "మా వాడికి ఇవ్వు" అని కట్టిచ్చిన పొట్లం విప్పి చూడకుండా తీసుకెళ్లకండి.

ఆడవాళ్లకు వేరే నియమాలు ఉన్నాయా?

ఉన్నాయి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లు, నర్సులు తప్ప, 30 ఏళ్లు నిండితేనే ఈ దేశాలకు పనికి వెళ్లగలరు. 2016 నుంచి వాళ్లను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు. టామ్‌కామ్, ఓమ్‌క్యాప్ లాంటి ప్రభుత్వ ఏజెన్సీలే పంపాలి. ఉద్దేశం మంచిదే. జరిగిందేమిటంటే, నియమం కఠినం అయ్యేకొద్దీ దొడ్డిదారి పెరిగింది. కడప జిల్లా నుంచో, గోదావరి జిల్లాల నుంచో కువైట్‌లో ఖద్దామా (ఇంటి పనిమనిషి) పనికి విజిట్ వీసా మీద, వేరే దేశం చుట్టూ తిప్పి పంపేవాళ్లు తయారయ్యారు. అలా వెళ్లిన మనిషి పేరు ప్రభుత్వం దగ్గర ఎక్కడా ఉండదు. కువైట్‌లో ఇంటి పనివాళ్లకు నెలకు 60 దీనార్లు కనీస జీతమని ఉంది, వారానికో సెలవు ఉంది. ఆ హక్కులు అడగాలంటే సరైన వీసా ఉండాలి.

ఇన్సూరెన్సు సంగతి?

ఈసీఆర్ వాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375. రెండేళ్లకు కట్టి, నాలుగేళ్లు అక్కడే ఉండి, రెన్యువల్ మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ఇంకో సంగతి, ఇది ప్రమాదానికి. నిద్రలో గుండె ఆగి చనిపోతే ఈ 10 లక్షలు రావు.

తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరు ఉత్తర్వు ప్రకారం గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తోంది, 2023 డిసెంబరు 7 తర్వాత జరిగిన మరణాలకు. కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి. పాస్‌పోర్టు, వీసా కాపీలు, అక్కడి మరణ ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవాలి. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఏపీఎన్ఆర్టీ సొసైటీ (ప్రవాసాంధ్రుల కోసం ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) ప్రవాసాంధ్ర భరోసా అనే బీమా పెట్టింది.

గల్ఫ్ కాకుండా జపాన్, జర్మనీ, ఇజ్రాయెల్ అంటున్నారు. అవి నిజమేనా?

నిజమే, కానీ భాష అడ్డం. జపాన్‌తో 2021 జనవరిలో ఒప్పందం కుదిరింది. వృద్ధుల సంరక్షణ, నిర్మాణం, వ్యవసాయం లాంటి పనులకు తీసుకుంటారు. పని పరీక్షతో పాటు జపనీస్‌లో ఎన్4 స్థాయి (రోజువారీ మాటలు అర్థమయ్యేంత భాష) ఉండాలి. జర్మనీకి నర్సులు బీ1 (మధ్య స్థాయి జర్మన్ భాష)తో వెళ్లినా, పూర్తి నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా దాని పై మెట్టు బీ2 కావాలి. రెండింటికీ కూర్చుని చదవడానికి చాలా నెలలు పడుతుంది. ఆ నెలలు ఇల్లు గడిచే దారి ఉన్నవాళ్లే అందుకోగలుగుతున్నారు. టామ్‌కామ్ ఈ రెండు దేశాలకూ శిక్షణ ఇస్తోంది.

ఇజ్రాయెల్‌కు 2023 నవంబరు ఒప్పందం తర్వాత సెంట్రింగ్, రాడ్ బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్ మేస్త్రీలను ఎంపిక చేశారు, హైదరాబాద్‌లోనూ పరీక్షలు జరిగాయి. నెలకు లక్షా ముప్పై వేల పైచిలుకు జీతం. అక్కడ యుద్ధ ప్రమాదం ఉందన్నది చెప్పాల్సిన పనిలేదు. ఆ దేశం 18 దేశాల జాబితాలో లేదు.

థాయ్‌లాండ్, కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకు 80 వేలు అంటున్నారు.

వెళ్లకండి. కంబోడియా, లావోస్, మయన్మార్ సరిహద్దుల్లో సైబర్ మోసాలు చేయించే ముఠాలు ఇలాగే తీసుకెళ్తున్నాయి. 2024లో విశాఖ పోలీసులు ఇలాంటి గుట్టు రట్టు చేశారు.

అక్కడ కంపెనీ పాస్‌పోర్టు తీసుకుంది, జీతం ఇవ్వడం లేదు. పారిపోవచ్చా?

పారిపోవద్దు. పారిపోతే తప్పు మీదవుతుంది. యూఏఈ, సౌదీ, ఖతర్‌లలో యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధం. ముందు అక్కడి కార్మిక శాఖలో ఫిర్యాదు, దాంతో పాటు మన ఎంబసీకి సమాచారం. ఇంటి దగ్గరివాళ్లు మదద్ పోర్టల్‌లో (విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్) ఫిర్యాదు పెట్టొచ్చు, 1800 11 3090కు ఫోన్ చేయొచ్చు. తెలంగాణ వాళ్లకు హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి అనే ఫిర్యాదుల కౌంటరు ఉంది. టికెట్‌కు డబ్బు లేనివాళ్లకు, మృతదేహం తెప్పించడానికి ఎంబసీల దగ్గర ఒక సంక్షేమ నిధి ఉంటుంది, ఐసీడబ్ల్యూఎఫ్ అని అడగండి. కాంట్రాక్టు, అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే నివాస అనుమతి కార్డు), జీతం స్లిప్పుల ఫోటోలు ముందే ఇంటికి వాట్సాప్ చేసి ఉంచండి.

1983 చట్టాన్ని మారుస్తారట?

2019లో ఒక ముసాయిదా, 2021లో ఇంకొకటి వచ్చి ఆగిపోయాయి. 2025లో ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు పేరుతో మరో ముసాయిదా జనం అభిప్రాయాల కోసం పెట్టారు. పాత చట్టంలో లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపేవాడికి రెండేళ్ల దాకా జైలు, 2,000 దాకా జరిమానా. లక్షలు వసూలు చేసేవాడికి ఆ రెండు వేలు ఒక లెక్కా!

ఏజెంటు మోసం చేశాడు. పోలీసులు "సివిల్ మ్యాటర్" అంటున్నారు.

కాదు. లైసెన్సు లేకుండా డబ్బు తీసుకుంటే ఎమిగ్రేషన్ చట్టం 10, 24 సెక్షన్ల కింద నేరం, దాంతో పాటు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 318 కింద మోసం. ఫిర్యాదులో ఈ సెక్షన్లు రాయండి. కేసుకు కేంద్రం అనుమతి కావాలని కొందరు అధికారులు తిప్పి పంపుతారు. ఆ అనుమతి గురించి చెప్పేది 27వ సెక్షన్, కానీ అందులోనే మినహాయింపు ఉంది: మోసపోయిన మనిషి గానీ, అతని తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు గానీ ఫిర్యాదు చేస్తే అనుమతి అక్కర్లేదు. ఆ సెక్షన్ ప్రింటు తీసి స్టేషన్‌కు పట్టుకెళ్లండి. హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫీసుకు ఒక కాపీ పంపి, పంపినట్టు రుజువు దాచుకోండి.